ఇసుకనేల ఋణము తీర్చిన వేటగాడు – ఆల్డో లియోపోల్డ్

వేటగాడనగానే మనకు విల్లంబులు ధరించి అడవిలో తిరుగు తిన్నడు జ్ఞప్తికి వచ్చును. వేటాడి తెచ్చిన మాంసమును స్వామికి నివేదించి, తుదకు తన కన్నులనే సమర్పించిన ఆ బోయవాని కథ శ్రీకాళహస్తి పేరు విన్న ప్రతి తెలుగు బిడ్డకును తెలిసినదే. మేమిప్పుడు చెప్పబోవునది భక్తుని కథ కాదు. మన దేశపు కథయు కాదు. అయినను ఇదియు ఒక వేటగాని కథయే. తుపాకిని తుదివరకు విడువకయే, నేల తనకిచ్చినదానిని నేలకు తిరిగి యీయవలెనని ఆలుబిడ్డలతో కూడ పలుగు పార పట్టిన ఒక అమెరికా దేశీయుని జీవితమిది. ఆయన పేరు ఆల్డో లియోపోల్డ్.

1887వ సంవత్సరము జనవరి 11వ తేదీన అయోవా రాష్ట్రమందలి బర్లింగ్టన్ పట్టణములో ఆయన జన్మించెను. మిసిసిపీ మహానది ఒడ్డున, ఎత్తైన గట్టుమీద వారి యిల్లు. ఉత్తరపు చిత్తడినేలలలో గ్రుడ్లు పెట్టి పిల్లలను లేపు బాతులు చలికాలమునకు ముందు దక్షిణమునకును, వసంతమున మరల ఉత్తరమునకును ఆ నది వెంబడినే ప్రయాణము చేయును. ఆ బాలుడు కన్ను తెరచినది మొదలు ఆకాశమున పక్షుల బారులను చూచుచు పెరిగెను.

మా పాఠకులకు ప్రత్యేకముగా చెప్పదగిన సంగతి యొకటి కలదు. ఆల్డో పెద్దలు జర్మనీ నుండి వలస వచ్చి స్థిరపడినవారు. ఇంట మాటాడునది జర్మను భాష. ఆ పిల్లవానికి మొదట వచ్చిన మాటలు ఆ భాషలోనివే. ఇంగ్లీషు అటుపిమ్మట, చిన్నతనముననే, నేర్చెను. ఇంట నొక భాషయు వీధిలో నొక భాషయు గల మన పిల్లలకు ఈ స్థితి యెట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ బాలుడే పెద్దవాడై, ప్రకృతిని గూర్చి ఇంగ్లీషులో వ్రాసినవారిలో అగ్రశ్రేణి రచయిత యని పేరు పొందెను.

తండ్రి కార్ల్ లియోపోల్డ్ చెక్కబల్లలు, వ్రాతబల్లలు చేయించు కర్మాగారము నడుపువాడు. వేటయందు మిక్కిలి ప్రీతి గలవాడు. ఆ దినములలో ఎన్ని పక్షులను కొట్టవచ్చునో, ఎప్పుడు కొట్టరాదో చెప్పు కట్టుదిట్టములు స్వల్పము. వసంతమున గ్రుడ్లు పెట్టుటకై పోవు బాతులను కూడ జనులు బండ్లకొలది కొట్టుచుండిరి. చట్టము అడుగకమునుపే కార్ల్ వసంతకాలపు వేటను మానివేసెను. దినమున కిన్నియే యని తనకు తానే హద్దు విధించుకొనెను. ఆల్డో చేతికి మొదటి తుపాకిని ఇచ్చినపుడు కూడ ఒక నియమము పెట్టెను. కౌజును పోలిన అడవిపక్షిని కొట్టవచ్చును గాని, చెట్టుకొమ్మపై కూర్చున్నదానిని మాత్రము కొట్టరాదు; ఎగురుచున్నదానినే కొట్టవలెను. గురి సరిగా కుదరని పిల్లవానికి ఇది ఎంత కఠినమైన నియమమో ఊహింపుడు. కుక్క మొరిగి పక్షిని కొమ్మ నెక్కించును. పక్షి కదలక కూర్చుండును. కొట్టినచో తప్పక పడును. చూచువారు ఎవ్వరును లేరు. అయినను కొట్టక తిరిగి రావలెను. అడవిలో వేటగాని చేష్టలకు సాక్షి యుండడు, అతని మనస్సు తప్ప. ఈ పాఠము ఆల్డోకు జీవితాంతము నిలిచెను.

ఆ నిగ్రహము లేకపోయినచో ఏమగునో అమెరికా ఆ కాలముననే చూచుచుండెను. ఆకాశమును మేఘమువలె కప్పుచు ఎగిరిన ప్యాసింజరు పావురములు కోట్లకొలదిగ ఉండినవి, ఆల్డో బాల్యము ముగియునప్పటికి అరణ్యములలో కానరాకపోయెను. విస్కాన్సిన్ రాష్ట్రమున తుది పావురమును 1899లో తుపాకితో కూల్చిరి. ఆ జాతిలో చిట్టచివరిది సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో 1914లో మరణించెను. గడ్డిబయళ్లలో మందలు మందలుగ తిరిగిన అడవిదున్నల గతియు అంతంత మాత్రమే. లెక్కకు మించి యున్నది ఎన్నటికిని తరుగదనుకొనుటయే ఆ జనుల పొరపాటు.

యేల్ విశ్వవిద్యాలయమున అటవీశాస్త్రము చదివి, 1909లో పట్టము పుచ్చుకొని, ఆల్డో ప్రభుత్వ అటవీశాఖలో చేరెను. నైరుతి దిక్కున, ఆనాటికి ఇంకను రాష్ట్రములుగ ఏర్పడని అరిజోనా, న్యూ మెక్సికో సీమలకు ఆయనను పంపిరి. గుఱ్ఱమెక్కి కొండలలో తిరుగుట, చెట్లను లెక్కించుట, పటములు గీయుట ఆయన పని. తోడేళ్లను కనిపించినచోట చంపుట ఆనాటి అధికారులకును, పశువుల కాపరులకును, వేటగాండ్రకును ఒకే అభిప్రాయముతో కూడిన కార్యము. తోడేలు తగ్గినచో జింక పెరుగును. తోడేళ్లే లేనిచో వేటగానికి స్వర్గమే యని వారి లెక్క. ఇరువదిరెండేండ్ల ఆల్డో లెక్కయు అదియే.

ఒకనాడు ఆయనయు తోడివారును కొండచరియపై కూర్చుండి భోజనము చేయుచుండగా, క్రింద ఏటిని దాటుచు ఒక జంతువు కనబడెను. ఆడుజింక యనుకొనిరి. ఒడ్డెక్కి తోక ఆడించినపుడు తెలిసినది, అది తోడేలని. పొదలలోనుండి దాని పిల్లలు ఎదురు వచ్చినవి. అందరును తుపాకులెత్తి గుండ్లు కురిపించిరి. దిగి వెళ్లి చూచునప్పటికి తల్లితోడేలు ప్రాణము విడుచుచుండెను. దాని కన్నులలో ఒక పచ్చని వెలుగు ఆరిపోవుచుండెను. ఆ వెలుగు ఆల్డోకు ఏదో చెప్పినట్లయ్యెను. అయితే ఆ మాట ఆయనకు వెంటనే అర్థమైనదని ఎవరైనను అనుకొన్నచో అది సత్యము కాదు. అటుపిమ్మట చాల యేండ్లు ఆయన తోడేళ్లను, పర్వతసింహములను నిర్మూలింపవలెనని గట్టిగా ప్రచారము చేసెను. ఈ సంఘటనను కాగితముపై పెట్టినది 1944లో, అనగా ముప్పదియైదేండ్లకు. గొప్పవారి జీవితములలో ఒక క్షణమున జ్ఞానోదయమైనట్లు వ్రాయుట కథకులకు సులభము. ఈయన విషయమున మాత్రము ఆ జ్ఞానము ఎండకు వానకు మెల్లమెల్లగా మొలచిన విత్తనము.

ఆ మొలకకు నీరు పోసినవి జింకలే. అరిజోనాలోని కైబాబ్ పీఠభూమిపై తోడేళ్లను, పర్వతసింహములను తుడిచివేసిన పిమ్మట జింకలు మితిమీరి పెరిగి, చేరగలిగిన ప్రతి ఆకును, ప్రతి లేతకొమ్మను మేసి, 1920వ దశకమున ఆకలిచే వేలకొలది చచ్చెను. తోడేలు లేని కొండ తన జింకలకే భయపడవలసి వచ్చెను.

1912 అక్టోబరులో సాంటా ఫే నగరమున ఎస్టెల్లా బెర్జేర్ అను కన్యను ఆయన వివాహమాడెను. ఆమె తల్లివైపువారు తరతరములుగ ఆ సీమలో గొఱ్ఱెల మందలు పెంచిన స్పానిష్ భాషీయులు. జర్మను ఇంటి వరునికి స్పానిష్ ఇంటి వధువు. మరుసటి యేట కొండలలో వానకు చలికి తడిసి, మూత్రపిండముల వ్యాధి సోకి ఆయన ప్రాణాపాయ స్థితికి వచ్చెను. కోలుకొనుటకు ఏడాదికి పైబడి పట్టెను. ఆ విశ్రాంతి కాలమున చదువుటకును ఆలోచించుటకును తీరిక లభించెను. పిమ్మట ఆయన పట్టుదల వలననే 1924లో న్యూ మెక్సికోలోని గీలా అరణ్యము, రోడ్లు వేయక, యంత్రములు చొరనీయక కాపాడవలసిన ప్రదేశముగ నిర్ణయింపబడెను. అమెరికా జాతీయారణ్యములలో అట్టి నిర్ణయము పొందిన మొదటిది అదియే.

ఆ సంవత్సరమే కుటుంబము విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని మాడిసన్‌కు తరలెను. వారికి స్టార్కర్, లూనా, కార్ల్ అను ముగ్గురు కుమారులును, నీనా యను కుమార్తెయు అప్పటికే యుండిరి. 1927లో తల్లి పేరుగల ఎస్టెల్లా జన్మించెను. 1928లో ఆయన ఉద్యోగము వదలి, ఉత్తర మధ్య రాష్ట్రములలో తిరిగి వేటజంతువుల స్థితిగతులను పరిశీలించి, 1931లో ఒక నివేదిక ప్రకటించెను. 1933లో వేటజంతువుల పోషణను గూర్చి పాఠ్యగ్రంథము వ్రాసెను. ఆ సంవత్సరమే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయము ఆ శాస్త్రమునకై అమెరికాలో మొట్టమొదటి ఆచార్య పదవిని నెలకొల్పి ఆయనకిచ్చెను. జంతువులను గొడ్డలి, నాగలి, పశువుల మంద, నిప్పు, తుపాకి నాశనము చేసినవి గదా; తెలివితో వాడినచో ఆ పనిముట్లే వాటిని మరల నిలుపగలవని ఆ గ్రంథములోని వాదము. కొట్టుటకు పక్షులు లేవని వేటగాడు ఏడ్చుట వ్యర్థము. పక్షికి గూడు, మేత, మరుగు కల్పించినచో పక్షి తానే వచ్చును.

ఈ మాటను ఆయన కాగితముపై విడువలేదు. మాడిసన్ సమీపమున రైలీ అను గ్రామమున 1931లో రైతులును పట్టణపు వేటగాండ్రును కూడి యొక సంఘముగ ఏర్పడిరి. భూమి రైతులది. చలికాలమున పక్షులకు గింజలు పెట్టుట, పొదలు నాటుట, కంచెలు వేయుట మొదలైన వ్యయప్రయాసలలో వేటగాండ్రు పాలుపంచుకొనవలెను. ఆ పని చేసినవారికే ఆ పొలములలో వేట. అనుమతి లేక చొరబడి, కంచెలు త్రొక్కి, పక్షులను కొట్టుకొనిపోవు పట్టణవాసులతో విసిగిన రైతులకు ఇది మిక్కిలి నచ్చెను.

ఇక ప్రెయిరీ మాట. ప్రెయిరీ యనగా చెట్లు లేక, మనిషి లోతు గడ్డియు పూలమొక్కలును కలసి పెరుగు సహజమైన బయలు. మనము గడ్డినేలను చూచి బంజరని యందుము. అమెరికాకు వచ్చిన తెల్లవారును మొదట అట్లే తలచిరి. కాని ఆ గడ్డికి పైన కనబడునది కొంతయే. వేళ్లు ఆరడుగులు, పదియడుగులు, కొన్నింటివి అంతకు మించి లోతునకు దిగును. వేలయేండ్లుగ ఆ వేళ్లు కుళ్లి నల్లని సారవంతమైన మట్టి ఏర్పడెను. పిడుగులును, ఆదిమ జాతులవారు కావలెనని పెట్టిన నిప్పును ఎండుగడ్డిని కాల్చుచుండుటచే చెట్లు ఆక్రమింపలేదు. వేరు భూమిలో భద్రముగ నున్న గడ్డి మాత్రము మరుసటి నెలలోనే చిగురించును. ఉక్కునాగలి వచ్చిన పిమ్మట ఈ బయలు గోధుమచేలు, మొక్కజొన్నచేలు అయ్యెను. లియోపోల్డ్ పుట్టిన అయోవాలో రాష్ట్రపు నేలలో అధికభాగము ఒకప్పుడు ప్రెయిరీయే. నేడు అందు వేయింట నొక పాలైనను మిగులలేదు. రైలుపట్టాల ప్రక్కను, పాత శ్మశానముల మూలలందును, నాగలి తగులని త్రికోణపు ముక్కలలో మాత్రమే ఆ పాత మొక్కలు దాగియుండెను.

చెడిన అడవిని మరల పెంచుట అందరు ఎరిగినదే. చెడిన గడ్డిబయలును మరల నెలకొల్పుట అప్పటికి ఎవ్వరును తలపెట్టని పని. మాడిసన్ విశ్వవిద్యాలయపు వృక్షవనము 1934లో ప్రారంభమయ్యెను. అందలి పాత పొలములో 1935 నుండి ప్రభుత్వపు నిరుద్యోగ సహాయ పథకపు యువకులచే ప్రెయిరీ మొక్కలను నాటించిరి. లోకములో ఇట్టి ప్రయత్నములలో ఇది మొదటిదని నేటి శాస్త్రజ్ఞులు లెక్కింతురు. లియోపోల్డ్ అందు ముఖ్యులలో నొకడు.

ఆ 1935లోనే ఆయన తన సొంత సొమ్ముతో విస్కాన్సిన్ నది ఒడ్డున, బారాబూ పట్టణమునకు సమీపమున, మొదట 80 ఎకరముల భూమిని కొనెను. పిమ్మట మరికొంత చేర్చెను. కొన్నది ఎటువంటి భూమి! ఇసుకనేల. సారమంతయు పోయినది. పాత యజమాని దొంగసారా కాచి, భూమిని పీల్చి పిప్పిచేసి, ఇల్లు తగులబడిపోగా, పన్నులు బాకీ పెట్టి మాయమయ్యెను. ఎల్ము చెట్ల వరుసయు, ఒక కోళ్ల కొట్టమును మాత్రము నిలిచినవి. కొట్టములో కోళ్ల పెంట పేరుకొనియుండెను. తమ తండ్రి ఈ స్థలమును చూపి మనదేయని చెప్పినపుడు పిల్లలు ఏమనుకొనియుందురో!

అందరును కలసి పెంట ఎత్తి పోసిరి. ఆ పెంట తోటకు ఎరువయ్యెను. నదివరదకు కొట్టుకొనివచ్చిన పలకలతో కొట్టమును బాగుచేసిరి. పొయ్యి కట్టిరి, పడకలు అమర్చిరి. విద్యుద్దీపము లేదు; నీటికి చేతిపంపు. దానికి వారు పెట్టుకొన్న పేరు గుడిసె యని అర్థమిచ్చు షాక్. ఆచార్యుడును, భార్యయు, ఐదుగురు బిడ్డలును వారాంతములలో మాడిసన్ నుండి అక్కడికి పోవుచుండిరి. వసంతకాలపు సెలవులు వచ్చినచో చాలు, పారలు చేతబట్టి పైన్ మొక్కలు నాటుటయే పని. ఏటేట వేలకొలది మొక్కలు. 1936లో భయంకరమైన అనావృష్టి వచ్చి, నాటినవానిలో దాదాపు అన్నియు ఎండి చచ్చెను. చేతులు బొబ్బలెక్కునట్లు నాటిన మొక్కలు ఇసుకలో పుల్లలై నిలువగా చూచిన ఆ కుటుంబము మరుసటి వసంతమున మరల నాటెను. ఆ పై వసంతమున మరల నాటెను. 1948 నాటికి వారు నాటిన చెట్లు నలువదివేలకు తక్కువ గాదు.

గుడిసె ముందటి పాత మొక్కజొన్నచేనులో ప్రెయిరీని నెలకొల్పుటకు పూనిరి. దారిప్రక్కల మిగిలిన బయలుముక్కలనుండి గడ్డిపెళ్లలను త్రవ్వి తెచ్చి పాతిరి. విత్తనములు ఏరి చల్లిరి. అందు ఒక మొక్క కథ చెప్పవలసినది. సిల్ఫియము అను ఆ మొక్కకు ప్రొద్దుతిరుగుడును పోలిన పసుపుపూలు పూయును. మాడిసన్ నుండి పొలమునకు పోవు దారిలో ఒక పల్లె శ్మశానపు మూలను అది ప్రతి జూలైలోను పూయుచుండుట ఆయన చూచెడివాడు. ఒక యేడు బాటవారు కంచె తీసివేసి దానిని కోసివేసిరి. కార్లలో పోవు వేలమందిలో ఆ మొక్క యుండెననిగాని, పోయెననిగాని గమనించినవారు ఎందరు? ఆయన వేరొకచోట నుండి సిల్ఫియమును పెకలించి తన నేలను నాటదలచి త్రవ్వనారంభించెను. ఎంత త్రవ్వినను వేరు తుది దొరకలేదు. చిలగడదుంపవలె లావై క్రిందికి పోవుచునే యుండెను. తుదకు విత్తనము చల్లిరి. మొలచినది గాని, పూయుటకు ఏండ్లు పట్టెను. గడ్డిబయలును చెరచుటకు నాగలికి ఒక ప్రొద్దు చాలును.

ప్రెయిరీకి నిప్పు అవసరమని చెప్పితిమి. గాలి చూచి, హద్దులు తీసి, ఎండుగడ్డిని అదుపులో కాల్చుట ఆ పనిలో భాగమే. ఈ మాట జ్ఞప్తియందుంచుకొనుడు.

వేట మాటేమి? వేట మానలేదు. ఆకురాలు కాలమున కుటుంబమంతయు బాతులకు, అడవిపక్షులకు, జింకలకు పోవుచునే యుండెను. ఆల్డో తన చేతులతో విల్లులు చెక్కెడివాడు. ఆ విల్లు పట్టిన భార్య ఎస్టెల్లా విస్కాన్సిన్ రాష్ట్ర స్త్రీల విలువిద్యలో విజేత యయ్యెను. అయితే వుడ్‌కాక్ అను పొడుగుముక్కు పిట్ట సంగతి వేరు. వసంతమున ప్రతి సందెవేళ మగపిట్ట ఆకాశమునకు చుట్లు చుట్టుచు ఎగసి, కూయుచు దిగి, ఆడపిట్ట ఎదుట నాట్యమాడును. గుడిసె యెదుట ఆ నాట్యమును చూచిన పిమ్మట, శరత్కాలమున ఆ పిట్టను కొట్టుటకు ఆయన చేయి ముందువలె లేవలేదు. వేటలో దానికి మించిన రుచి లేదని తెలిసినను, ఒకటి రెంటితో తృప్తిపడి, మరుసటి ఏప్రిలుకు నర్తకులు చాలినంత మంది మిగులవలెనని చూచుకొనెను. చెట్టుపై కూర్చున్న పక్షిని కొట్టవద్దన్న తండ్రి మాట ఇక్కడికి వచ్చి చేరినదని మాకు తోచుచున్నది.

తెల్లవారకమునుపే లేచి, కాఫీ కుండతో గుడిసె వెలుపల బల్లపై కూర్చుండి, వెలుతురు కొలుచు పరికరము చేతబట్టి, ఏ పక్షి ఎంత వెలుగుకు మొదటి కూత కూసెనో వ్రాసికొనుట ఆయన అలవాటు. ఏ పువ్వు ఏ తేదీన విచ్చినది, నది మంచు ఎన్నడు విరిగినది, బాతులు ఎన్నడు వచ్చినవి, అన్నియు ఆ చిట్టాలో నెక్కెను. మృగశిర కార్తెకు చినుకు, రోహిణి కార్తెకు ఎండ యని మన రైతులు గుర్తుంచుకొను లెక్క వంటిదే ఇది. కాని ఏటేట తేదీతో సహా వ్రాతలో నిలిపినది. 1935 నుండి 1945 వరకు తేలిన లెక్కలను 1947లో ఒక శిష్యురాలితో కలసి శాస్త్రపత్రికలో ప్రకటించెను.

ఇచ్చట రెండు మాటలు చెప్పక దాటరాదు. ఆయనకు విశ్వవిద్యాలయపు జీతముండెను. ఆ ఇసుకనేలలో పండినదానితో బిడ్డలను పోషింపవలసిన అగత్యము లేదు. అప్పులలో నున్న పొరుగురైతుకు ఎకరము గడ్డికి విడుచుట అంత సులభము కాదు. ఆయనకు ఈ సంగతి తెలియును. రైలీలో రైతుకు భారము తగ్గించు మార్గము వెదకినది అందుకే. రెండవది, ఆ సీమ హోచంక్ జాతివారిది. 1837నాటి ఒడంబడికచే వారి భూములను ప్రభుత్వము లాగికొని వారిని తరిమెను. ఆ బయళ్లను తరతరములుగ నిప్పుతో కాపాడిన ఆదిమ జాతులను గూర్చి ఆయన రచనలలో మాట తక్కువ. ఇది లోపమేయని మా అభిప్రాయము.

1943లో ఆయనను రాష్ట్ర సంరక్షణ సంఘమున సభ్యునిగ నియమించిరి. విస్కాన్సిన్ అడవులలో కైబాబ్ కథయే మరల నడచుచుండెను. తోడేళ్లు దాదాపు పోయినవి, జింకలు మితిమీరినవి, చలికాలమున ఆకలిచే చచ్చుచున్నవి, లేతచెట్లు పెరుగుటకు వీలులేకున్నది. ఆడుజింకలను కూడ వేటాడనిచ్చి సంఖ్య తగ్గింపవలెనని ఆయన వాదించెను. ఆ సంవత్సరపు వేటలో లక్షకు మించిన జింకలు కూలినవి. జనులు మండిపడిరి. జింకలను రక్షింపుడని ఒక పత్రికయే వెలసి ఆయనను నిందించెను. ఒకప్పుడు తోడేళ్లను చంపుమని వ్రాసి మెప్పు పొందిన చేయి, ఇప్పుడు జింకల సంఖ్య తగ్గింపుమని వ్రాసి తిట్లు తినెను. రెండవసారి వ్రాసినది నిజము. అయినను సభ్యులలో ఎక్కువమంది జనాగ్రహమునకు వెనుదీసిరి. ఆయన మాట చాల కాలము నెగ్గలేదు.

ఈ నడుమనే గుడిసెలో చూచినదానిని, తోడేలు కథను, భూమికిని మానవునికిని గల సంబంధమును చిన్న వ్యాసములుగ వ్రాయుచుండెను. భూమి సొత్తు మాత్రమే కాదు, మనము కూడ సభ్యులమైన ఒక సంఘమని వాని సారాంశము. ప్రచురణకర్తలు పలుమారులు త్రిప్పి పంపిరి. శాస్త్రము కొంత, కథ కొంతయై పొందిక లేదనిరి. ఆయన విసుగక తిరుగవ్రాసెను. 1948 ఏప్రిలు 14వ తేదీన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వారు ప్రచురింతుమని దూరవాణిలో తెలిపిరి.

సరిగా వారము గడచెను. ఏప్రిలు 21న ఆయన, భార్య ఎస్టెల్లా, చిన్నకుమార్తె ఎస్టెల్లా గుడిసెలో నుండిరి. పొరుగువారి పొలమున చెత్తకు పెట్టిన నిప్పు ఎండుగడ్డికి ప్రాకి, గాలికి రేగి, పైన్ చెట్లవైపు రాసాగెను. ముగ్గురును పరుగెత్తిరి. భార్యను ఒకచోట కాపుంచి, కుమార్తెను సహాయము పిలుచుటకు పంపి, వీపున మోయు నీటిపంపు తగిలించుకొని ఆయన మంట అంచున గడ్డి తడుపుచు పోయెను. అక్కడనే గుండె ఆగెను. వెల్లకిల పరుండినట్లు, చేతులు రొమ్ముపై చేర్చియుండగా ఆయనను కనుగొనిరి. నిప్పు అప్పటికే బలము తగ్గి ఆయన మీదుగ తేలికగా సాగిపోయెను. జేబులోని చిన్న పుస్తకము అంచులు కమలినవి. ఆయనకు అరువదియొక్క సంవత్సరములు. పుట్టిన బర్లింగ్టన్‌లోనే ఖననము చేసిరి.

కుమారుడు లూనా వ్రాతప్రతిని సరిచూచి 1949లో ముద్రింపించెను. పేరు ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్. ఇసుకసీమ పంచాంగమని చెప్పవచ్చును. నిజముగ పంచాంగమే, మొదటి భాగము జనవరి మొదలు డిసెంబరు వరకు నెలవారీగ నడచును. తొలిరోజులలో ఎక్కువ ప్రతులు పోలేదు. 1960వ దశకాంతమున చౌకముద్రణ వచ్చిన పిమ్మట చదువరులు విరివిగ కొనిరి. నేటికి ఇరువది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడై, పదింటికి మించిన భాషలలోనికి వెళ్లినది.

గుడిసెలో పార పట్టిన ఐదుగురు బిడ్డలలో స్టార్కర్ జంతుశాస్త్రజ్ఞుడు, లూనా నదులను పరిశోధించిన శాస్త్రజ్ఞుడు, కార్ల్ వృక్షశాస్త్రజ్ఞుడు, చిన్న ఎస్టెల్లా ప్రాచీనకాలపు పుప్పొడిని పరిశీలించిన విదుషి యయ్యెను. స్టార్కర్, లూనా, ఎస్టెల్లా అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తుకు ఎన్నికైరి. ఒకే యింట ముగ్గురు తోబుట్టువులకు ఆ గౌరవము దక్కుట అరుదు. నీనా ఆ నేల ప్రక్కనే ఇల్లు కట్టుకొని, తండ్రి వదలిన లెక్కను 1976 నుండి తాను కొనసాగించెను. తండ్రి చిట్టాను, కుమార్తె చిట్టాను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా, వసంతపు గుర్తులలో పెక్కు మునుపటికంటె ముందుగనే వచ్చుచున్నవని తేలెను. భూమి వేడెక్కుచున్నదనుటకు సాక్ష్యముగ 1999లో ఆ ఫలితములు ప్రకటింపబడెను. నీనా 2011లోను, ఐదుగురిలో చివరిదైన ఎస్టెల్లా 2024లోను కన్నుమూసిరి.

గుడిసె ఇప్పటికిని నిలిచియున్నది. 2009లో దానిని జాతీయ చారిత్రక స్థలముగ ప్రకటించిరి. సిల్ఫియమును నాటిన ఆ ముందరి చేనులో అదుపులో పెట్టు నిప్పు నేటికిని నడచుచున్నది. పిల్లలు నాటిన పైన్ చెట్లు పెరిగి ఒత్తైనపుడు, మిగిలినవానికి చోటు కలుగుటకై కొన్నింటిని కొట్టిరి. ఆ దూలములతోను పలకలతోను 2007లో లియోపోల్డ్ పేరిట ఒక విద్యాకేంద్రమును కట్టిరి. కట్టినచోటు ఆయన నిప్పుతో పోరాడుచు పడిపోయిన చోటే.